టంగుటూరి సూర్యకుమారి

టంగుటూరి సూర్యకుమారి (నవంబరు 13, 1925 - ఏప్రిల్ 25, 2005) తెలుగు గాయని, చలనచిత్ర నటి, నర్తకి, రంగస్థల కళాకారిణి. పన్నెండేళ్ళ ప్రాయంలో సినిమా రంగంలో ప్రవేశించి, 1940లలో గ్రామఫోను రికార్డుల ద్వారా, ఆకాశవాణి ద్వారా తెలుగువారికి సుపరిచితురాలైంది. శంకరంబాడి సుందరాచారి రచించిన "మా తెలుగుతల్లికి" గీతాన్ని రికార్డుపై మొదట ఆలపించింది ఈమెయే. తరువాతి కాలంలో అమెరికా వెళ్ళి న్యూయార్కు రంగస్థలంపై రవీంద్రనాథ్ ఠాగూర్ నాటకంలో కథానాయిక పాత్ర ధరించింది. 1965 నుండి లండనులో స్థిరపడి, భారతీయ సంగీత నృత్యాలను పాశ్చాత్యులకు నేర్పుతూ నాలుగు దశాబ్దాలు గడిపింది. ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు ఈమెకు పెదతండ్రి.

కుటుంబ నేపథ్యం

టంగుటూరి వారి ఇంటిపేరుకు మూలమైన టంగుటూరు గ్రామం ఒంగోలుకు దక్షిణాన ఉంది. ప్రకాశం పంతులు 1872లో ఒంగోలు సమీపంలోని వినోదరాయునిపాలెంలో జన్మించాడు. చిన్ననాట తండ్రిని కోల్పోయి, తల్లి సుబ్బమ్మ పూటకూళ్ళ ఇల్లు నడపగా చదువుకున్నాడు. ఒంగోలులో ఉపాధ్యాయుడైన ఇమ్మానేని హనుమంతరావు నాయుడు ఈ బాలుని చేరదీసి చదువు చెప్పించాడు. నాయుడు నాటకప్రియుడు. ఆయన ప్రోత్సాహంతో ప్రకాశం నాటకాలలో స్త్రీ పాత్రలు కూడా ధరించాడు. ఆ తరువాత గురువు వెంట రాజమండ్రి చేరి, న్యాయవాదిగా ఆ పట్టణంలోనే పైకివచ్చాడు. కుటుంబమూ అక్కడే స్థిరపడింది. ఒంగోలు ప్రాంతపు కుటుంబంలోని ఆడపిల్ల గోదావరి తీరాన పుట్టడానికి కారణం ఇదే.

సూర్యకుమారి రాజమండ్రిలో (నేటి రాజమహేంద్రవరం) ప్రకాశం సోదరుడు టంగుటూరి శ్రీరాములు, రాజేశ్వరి దంపతులకు జన్మించింది. ఆమె పసితనంలోనే, 1928లో, పెదతండ్రి మద్రాసులో సైమన్ కమిషన్‌ను వ్యతిరేకిస్తూ తుపాకుల ఎదుట రొమ్ము విప్పి నిలిచి "ఆంధ్రకేసరి" అయినాడు. స్వాతంత్ర్యోద్యమపు వేడి ఉన్న కుటుంబంలో పెరిగిన సూర్యకుమారి కాంగ్రెసు సభలలో దేశభక్తి గీతాలు పాడేది. మైకు ఉన్నా లేకున్నా వేలమందికి మాట స్పష్టంగా వినిపించేటట్లు పాడటం ఆమెకు ఈ సభలలో అలవడిన విద్య.

ఆమె కుటుంబపు పేరు తరువాత ఒక జిల్లాకు పేరైంది. 1970 ఫిబ్రవరి 2న గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగాలతో ఒంగోలు జిల్లా ఏర్పడింది. గుంటూరు నుండి ఒంగోలు ప్రాంతం, నెల్లూరు నుండి కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు, కర్నూలు నుండి మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు ఇందులో చేరాయి. 1972లో దీనికి ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు.

సినీరంగ ప్రవేశం

1937లో విడుదలైన "విప్రనారాయణ" సూర్యకుమారి మొదటి చిత్రం. కథలో ఆమె వయసుకు తగిన పాత్ర లేకపోవడంతో, ఆమె గానం కోసమే ప్రత్యేకంగా ఒక పాత్రను కల్పించారు. తెలుగులో టాకీలు మొదలై అప్పటికి ఐదారు సంవత్సరాలే అయింది. నేపథ్యగానం ఇంకా రాలేదు. నటించేవారు కెమెరా ముందు నిలిచి తమ పాట తామే పాడవలసి ఉండేది. అందువలన నిర్మాతలు పాడగలవారిని వెతికి నటులుగా చేసుకునేవారు. మంచి గొంతు ఉన్న బాలికకు సినిమా తలుపులు తేలికగా తెరచుకోవడానికి ఈ పద్ధతే కారణం.

1939లో ఆమె "అదృష్టం", "జయప్రద", "రైతుబిడ్డ" చిత్రాలలో నటించింది. 1941లో బి.ఎన్.రెడ్డి దర్శకత్వంలో వాహినీ సంస్థ నిర్మించిన "దేవత"లో, 1942లో "దీనబంధు"లో కనిపించింది. 1943లో వచ్చిన "కృష్ణప్రేమ"లో నారదుని పాత్ర ధరించింది. శాంతకుమారి, భానుమతి వంటి గాయనీమణులు నటించిన ఆ చిత్రంలో మగవేషం వేసి పాటలతో నెట్టుకురావడం సామాన్యమైన పని కాదు. తెలుగుతో పాటు తమిళ, కన్నడ, హిందీ భాషలలోనూ నటించి మొత్తం సుమారు 25 చిత్రాలలో ఆమె కనిపించింది.

రైతుబిడ్డ

సూర్యకుమారి తొలినాటి చిత్రాలలో చరిత్రకెక్కినది "రైతుబిడ్డ". గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వంలో సారథి సంస్థ దీనిని నిర్మించింది. బళ్ళారి రాఘవ ప్రధాన పాత్రధారి. జమీందారీ గ్రామాలలో రైతు పడే బాధలను, ఎన్నికలలో జమీందారుల ఒత్తిడిని ఈ చిత్రం సూటిగా చూపింది. కొసరాజు రాఘవయ్య చౌదరి ఈ చిత్రంతోనే పాటల రచయితగా పరిచయమైనాడు. చిత్రానికి పెట్టుబడి పెట్టిన చల్లపల్లి రాజా స్వయంగా జమీందారు కావడం విశేషం.

ఈ చిత్రానికి వెనుక ఒక రాజకీయ సందర్భం ఉంది. 1937లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ మంత్రివర్గం ఏర్పడినపుడు ప్రకాశం రెవిన్యూ మంత్రి అయినాడు. జమీందారీ రైతుల స్థితిగతులపై నియమించిన విచారణ సంఘానికి ఆయనే అధ్యక్షుడు. రాష్ట్రమంతటా తిరిగి రైతుల సాక్ష్యాలు తీసుకున్న ఆ సంఘం 1938లో నివేదిక సమర్పించింది. మరుసటి ఏడాదే వచ్చిన "రైతుబిడ్డ"లో పెదతండ్రి విచారించిన సమస్యే తెరపై కథగా ఉండగా, తమ్ముని కుమార్తె అందులో నటించింది. వెంకటగిరి, బొబ్బిలి జమీందారులు చిత్రాన్ని తీవ్రంగా వ్యతిరేకించారు. కొన్ని చోట్ల ప్రదర్శనలు ఆగిపోయాయి. నెల్లూరు జిల్లా పడమటి భాగంలోని పొదిలి, దర్శి ప్రాంతాలు ఆనాడు జమీందారీ తాలూకాలే. ఆ పల్లెల రైతులకు ఈ సినిమా కథ పరాయిది కాదు. 1948లో చేసిన ఎస్టేట్ల రద్దు చట్టంతో మద్రాసు రాష్ట్రంలో జమీందారీలు అంతమయ్యాయి.

గ్రామఫోను పాటలు

సినిమాలకంటె గ్రామఫోను రికార్డులే సూర్యకుమారికి ఎక్కువ కీర్తి తెచ్చాయి. 1925 ప్రాంతంలో విద్యుత్ మైక్రోఫోనుతో ధ్వనిముద్రణ ఆరంభమైంది. అంతకుముందు గాయకులు పెద్ద బాకా వంటి గొట్టంలోనికి బిగ్గరగా పాడవలసి వచ్చేది. మైక్రోఫోను వచ్చిన తరువాత గొంతు చించుకొనవలసిన అవసరం తప్పింది. ఎదురుగా కూర్చున్న మనిషికి చెప్పినట్లు, మెల్లగా, మాటలోని భావం చెడకుండా పాడే వీలు కలిగింది.

ఈ మార్పు అనేక దేశాలలో కొత్త గానపద్ధతులకు దారితీసింది. అమెరికాలో మృదువుగా పాడే జాజ్ గాయకులు ప్రసిద్ధులైనారు. బ్రెజిల్‌లో 1950ల చివర జోవావ్ జిల్బెర్తో గిటారుపై లోగొంతుతో పాడిన పాటల నుండి "బోసా నోవా" అనే పద్ధతి వ్యాపించింది. 1963లో న్యూయార్కులో ముద్రించిన ఒక్క పాటతో ఆస్ట్రుడ్ జిల్బెర్తో ప్రపంచమంతటా పరిచితురాలైంది. తెలుగునాట ఈ అవకాశాన్ని అందిపుచ్చుకున్నది లలిత సంగీతం. శాస్త్రీయ సంగీతంలోని రాగాన్ని ఆధారంగా చేసుకొని, గమకాలను, స్వరకల్పనలను తగ్గించి, కవి మాటకు ప్రాధాన్యం ఇవ్వడం దీని లక్షణం. ఆనాటి రికార్డు ఒక వైపున మూడు నిమిషాలకు కొంచెం మించి మాత్రమే పాట పట్టేది. ఆ పరిమితిలో పల్లవి, చరణాలు ముగించవలసి ఉన్నందున పదం పదం స్పష్టంగా పలికే గాయకులకు గిరాకీ ఏర్పడింది.

రావు బాలసరస్వతీ దేవి, టంగుటూరి సూర్యకుమారి ఈ తరం లలిత గాయనులలో ముఖ్యులు. బాలసరస్వతి గొంతులో తీపి, సూర్యకుమారి గొంతులో స్ఫుటత్వం ఎక్కువ. సభలలో దేశభక్తి గీతాలు పాడిన అలవాటు వలన సూర్యకుమారి పలుకులో తడబాటు గాని, అక్షరాలను మింగడం గాని కనిపించదు. గురజాడ అప్పారావు దేశభక్తి గేయం వంటి రచనలు ఆమె గొంతులో బాగా అమరడానికి ఈ గుణమే కారణం.

మా తెలుగుతల్లికి

తిరుపతి సమీపంలోని తిరుచానూరులో జన్మించిన శంకరంబాడి సుందరాచారి (1914 - 1977) "మా తెలుగుతల్లికి" గీతాన్ని 1942లో "దీనబంధు" చిత్రం కోసం రచించాడు. చిత్రంలో సన్నివేశానికి పొసగలేదని దానిని వాడలేదు. ఆ తరువాత హెచ్.ఎం.వి. సంస్థ సూర్యకుమారి చేత పాడించి రికార్డుగా విడుదల చేసింది. సినిమాలో చోటు దొరకని పాట రికార్డు ద్వారా ఇంటింటికీ చేరింది.

అప్పటికి తెలుగువారికి ప్రత్యేక రాష్ట్రం లేదు. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోను, తెలంగాణ నైజాం సంస్థానంలోను ఉండేవి. నదులను, శిల్పాలను, కవులను, వీరులను ఒకే వరుసలో తలచుకునే ఈ పాట వేర్వేరు పాలనలలో ఉన్నవారికి ఒక ఉమ్మడి చిరునామా చూపింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్ర ప్రదేశ్ ఏర్పడిన తరువాత పాఠశాలలలో, ప్రభుత్వ సభలలో దీనిని పాడటం ఆచారమైంది. 2014లో రాష్ట్ర విభజన జరిగిన తరువాత ఆంధ్ర ప్రదేశ్‌లో ఈ గీతం కొనసాగింది. తెలంగాణ ప్రభుత్వం 2024లో అందెశ్రీ రచించిన "జయ జయహే తెలంగాణ"ను రాష్ట్రగీతంగా స్వీకరించింది.

పాఠశాల ప్రార్థనలో ఈ పాట పాడిన కోట్లమంది పిల్లలలో దాని రచయిత పేరు తెలిసినవారు కొద్దిమంది, తొలిగా పాడినవారి పేరు తెలిసినవారు ఇంకా కొద్దిమంది. నేటికీ పిల్లలు పాడే వరుస సూర్యకుమారి రికార్డులో వినిపించే వరుసే. 2010లో శేఖర్ కమ్ముల దర్శకత్వంలో వచ్చిన "లీడర్" చిత్రంలో ఈ గీతాన్ని ఆమె పాత ధ్వనిముద్రణతోనే వినిపించడంతో కొత్త తరం శ్రోతలకు ఆ గొంతు మళ్ళీ పరిచయమైంది.

ఆకాశవాణిలో

మద్రాసు ఆకాశవాణి కేంద్రం 1938లో ప్రారంభమైంది. విజయవాడ కేంద్రం 1948లో వచ్చేవరకు కోస్తా, రాయలసీమ జిల్లాల శ్రోతలకు తెలుగు కార్యక్రమాలు మద్రాసు నుండే అందేవి. ఆ కేంద్రంలో పనిచేసిన బాలాంత్రపు రజనీకాంతరావు (1920 - 2018) గీతాలు స్వయంగా వ్రాసి, వరుసలు కట్టి, గాయకులచేత పాడించేవాడు. ఆయన గీతాలకు సూర్యకుమారి గొంతు బాగా సరిపోయింది.

1947 ఆగస్టు 15న స్వాతంత్ర్యం వచ్చిన సందర్భంగా మద్రాసు కేంద్రం ప్రసారం చేసిన రజనీకాంతరావు గీతం "మాదీ స్వతంత్రదేశం" సూర్యకుమారి పాడినదే. బాల్యంలో కాంగ్రెసు సభలలో స్వాతంత్ర్యం కోసం పాడిన బాలిక, తన 21వ ఏట స్వాతంత్ర్యం వచ్చిన వార్తను పాటగా వినిపించింది.

సినిమా రంగంలో మార్పు

1943లో "భాగ్యలక్ష్మి" చిత్రంలో నటి కమలా కోట్నీస్‌కు రావు బాలసరస్వతి పాడటంతో తెలుగులో నేపథ్యగానానికి దారి ఏర్పడింది. కొద్ది సంవత్సరాలలో నటన వేరు, పాట వేరు అయినాయి. ఒకే మనిషి రెండూ చేయవలసిన అవసరం తొలగిపోవడంతో గాయక నటులు ఏదో ఒక వైపు మొగ్గవలసి వచ్చింది. భానుమతి వంటి కొద్దిమంది మాత్రమే రెండింటినీ నిలుపుకున్నారు. సూర్యకుమారి నేపథ్యగాయనిగా స్థిరపడలేదు. ఆమె దృష్టి నటన, నృత్యం, విదేశ ప్రదర్శనల వైపు మళ్ళింది.

1952లో ఆమె "మిస్ మద్రాస్"గా ఎన్నికైంది. ఇంద్రాణీ రెహమాన్ విజేతగా నిలిచిన ఆ సంవత్సరపు మిస్ ఇండియా పోటీలో ద్వితీయ స్థానం పొందింది. అదే సంవత్సరం చందూలాల్ షా నాయకత్వంలో అమెరికా వెళ్ళిన భారతీయ చలనచిత్ర ప్రతినిధి బృందంలో రాజ్ కపూర్, నర్గీస్ తదితరులతో పాటు ఆమె కూడా ఉంది.

1955లో ఎస్.యు.సన్నీ దర్శకత్వం వహించిన హిందీ చిత్రం "ఉడన్ ఖటోలా"లో దిలీప్ కుమార్, నిమ్మీలతో కలసి నటించింది. విమానం కూలి ఒక వింత రాజ్యంలో చిక్కుకున్న కథానాయకుని ప్రేమించే రాణి పాత్ర ఆమెది. నౌషాద్ సంగీతం సమకూర్చిన ఈ చిత్రంలో స్త్రీ గీతాలలో అధికభాగం లతా మంగేష్కర్ పాడింది. తెలుగు శ్రోతలకు సూర్యకుమారి అంటే గొంతు. హిందీ ప్రేక్షకులకు ఆమె అంటే ముఖం. ఈ రెండింటినీ తిరిగి ఒక్కచోట చేర్చినది రంగస్థలం.

న్యూయార్కు రంగస్థలం

1961 ఠాగూర్ శతజయంతి సంవత్సరం. ఆ ఏడాది ఫిబ్రవరిలో న్యూయార్కులోని జాన్ హస్ నాటకశాలలో కృష్ణా షా దర్శకత్వాన ఠాగూర్ నాటకం "ది కింగ్ ఆఫ్ ది డార్క్ ఛాంబర్" ప్రదర్శన మొదలైంది. 1910లో బెంగాలీలో వెలువడిన "రాజా" నాటకానికి ఇది ఆంగ్ల రూపం. బ్రాడ్వేలోని పెద్ద వ్యాపార నాటకశాలలకు భిన్నంగా, "ఆఫ్ బ్రాడ్వే" అని పిలిచే చిన్న నాటకశాలలలో కొత్త ప్రయోగాలు జరిగేవి. ఈ ప్రదర్శన ఆ కోవకు చెందినది.

సూర్యకుమారి ధరించినది రాణి సుదర్శన పాత్ర. ఈ నాటకంలో రాజు ఎవరికీ కనిపించడు. చీకటి గదిలో రాణితో మాట్లాడుతాడు. రాణి ఆయన గొంతు మాత్రమే వినగలదు. వెలుగులో ఆయనను చూడాలని పట్టుబట్టిన రాణి, అందగాడైన ఒక దొంగరాజును చూసి అతడే తన భర్త అని భ్రమపడుతుంది. తోటకు నిప్పంటుకొన్నపుడు ఆ మంటల వెలుగులో అసలు రాజు భయంకర రూపం చూసి పుట్టింటికి వెళ్ళిపోతుంది. చివరకు అహంకారం వదలి, కాలినడకన బయలుదేరి ఆయనను చేరుకుంటుంది. పాట, నృత్యం, సంభాషణ మూడూ తెలిసిన నటి ఉంటే తప్ప ఈ పాత్ర నిలవదు. సినిమాలలో వేర్వేరుగా ఉపయోగపడిన సూర్యకుమారి విద్యలన్నీ ఇక్కడ ఒకే పాత్రలో పనికివచ్చాయి.

ఈ నాటకం నెలల తరబడి నడిచింది. ఇందులోని నటనకు సూర్యకుమారికి అవుటర్ క్రిటిక్స్ సర్కిల్ పురస్కారం లభించింది. న్యూయార్కు వెలుపలి పత్రికల నాటక విమర్శకులు కలసి ఇచ్చే పురస్కారం ఇది. దర్శకుడు కృష్ణా షా తరువాత 1978లో "షాలిమార్" హిందీ చిత్రాన్ని తీశాడు.

లండను జీవితం

1965లో సూర్యకుమారి లండను చేరి, కెన్సింగ్టన్‌లో నివాసం ఏర్పరచుకొంది. అక్కడ "ఇండియా పర్ఫార్మింగ్ ఆర్ట్స్" అనే సంస్థను స్థాపించి, సంగీతం, నృత్యం, నాటకం నేర్పింది. ఆంగ్లేయులు, ప్రవాస భారతీయుల పిల్లలు ఆమె వద్ద శిక్షణ పొందారు. ఆమె కార్యక్రమాలలో పాటతో పాటు కవితా పఠనం, నృత్యం, కథనం కలసి ఉండేవి. భాష తెలియని శ్రోతకు మొదట పాట భావాన్ని ఆంగ్లంలో చెప్పి, ఆ తరువాత మూలభాషలో పాడితే ఆ శ్రోత పాటలోకి సులభంగా ప్రవేశిస్తాడు. వేర్వేరు కళలను కలిపిన కార్యక్రమాలకు ఇది అనువైన పద్ధతి.

1973లో బ్రిటిష్ రచయిత, చిత్రకారుడు, కుంభకళాకారుడు హెరాల్డ్ ఎల్విన్‌ను వివాహమాడింది. సైకిలుపై భారతదేశానికి చేసిన యాత్రను "ది రైడ్ టు చండీగఢ్" పేరుతో ఆయన గ్రంథస్తం చేశాడు. ఎల్విన్ 1985లో మరణించాడు. ఆ తరువాత కూడా సూర్యకుమారి లండనులోనే ఉండి సంస్థను నడిపింది. 2005 ఏప్రిల్ 25న, 79 ఏళ్ళ వయసులో, లండనులో మరణించింది.

స్థానం

సూర్యకుమారి కళాజీవితం రెండు భాగాలుగా సాగింది. మొదటిది 1937 నుండి 1955 వరకు మద్రాసు, బొంబాయి నగరాలలో గడచింది. రెండవది న్యూయార్కు, లండనులలో గడచింది. మొదటి భాగం తెలిసిన తెలుగువారికి రెండవది అంతగా తెలియదు. లండను శిష్యులలో చాలామందికి ఆమె ఒకనాడు తెలుగు సినిమాలలో నారదుడుగా పాడినదని తెలియదు. సినిమా చరిత్రలు ఆమెను కొన్ని పాత్రలు ధరించిన నటిగా, నాటక చరిత్రలు ఒక ఠాగూర్ ప్రదర్శనలోని కథానాయికగా మాత్రమే పేర్కొంటాయి. నాటక ప్రదర్శన ఆనాటితో ముగిసిపోతుంది. తొలినాటి తెలుగు సినిమాల ప్రతులు అనేకం నశించాయి. అందువలన ఆమె కృషిలో నేటి శ్రోతకు సూటిగా అందుబాటులో ఉన్నది ప్రధానంగా గ్రామఫోను రికార్డులలోని గానమే.

ఆ గానంలో నేర్చుకొనదగినది ఉంది. స్థాయిని ప్రదర్శించే ప్రయత్నం గాని, అలంకారాల భారం గాని అందులో లేదు. కవి వ్రాసిన మాట వినేవారికి చేరడమే ఆమె పాటకు ప్రయోజనం. లలిత సంగీతం నేర్చుకొనే విద్యార్థులకు ఆమె రికార్డులు నేటికీ మంచి పాఠాలు.

నటించిన చిత్రాలలో కొన్ని

విప్రనారాయణ (1937)
అదృష్టం (1939)
జయప్రద (1939)
రైతుబిడ్డ (1939)
చంద్రహాస (1941)
దేవత (1941)
దీనబంధు (1942)
కృష్ణప్రేమ (1943)
ఉడన్ ఖటోలా (హిందీ, 1955)